ట్రాబ్‌లో మైటోమైసిన్: 0.2 నా, 0.4 నా? స్పాంజా, ఇంజెక్షనా?

పలమనేరు_కంటివైద్యం అడిగారు:

అందరికీ నమస్కారం. మా దగ్గర శుక్లాల కేసులే ఎక్కువ. నీటికాసుల ఆపరేషన్లు ఇప్పటిదాకా తిరుపతికో వేలూరుకో రాసి పంపేవాళ్లం. ఇకమీదట ట్రాబెక్యులెక్టమీ (ట్రాబ్, అంటే కంటిలోని నీరు బయటికి పోయేలా తెల్లగుడ్డులో దారి చేసే ఆపరేషన్) ఇక్కడే చేయాలనుకుంటున్నాం. ఫ్లాప్ (ఆ దారి మీద తలుపులా ఉండే పొర) కోయడం, కుట్లు వేయడం దగ్గర ఇబ్బంది లేదు. సందేహాలన్నీ మైటోమైసిన్ (ఆ దారి మచ్చకట్టి మూసుకుపోకుండా పెట్టే మందు) దగ్గరే.

కేసు ఇది: 58 ఏళ్ల రైతు, కుప్పం పక్క పల్లె. ఓపెన్ యాంగిల్ గ్లకోమా. కుడి కన్నుకు పదేళ్ల కిందట ఎస్‌ఐసీఎస్ (చిన్న కోతతో శుక్లాల ఆపరేషన్) అయింది, కోత నడినెత్తిన 12 గంటల దగ్గర. టిమొలాల్, బ్రిమోనిడిన్, బైమటోప్రాస్ట్ మూడూ ఏళ్ల తరబడి వేస్తున్నారు, అయినా కంటి ప్రెషర్ 28. కప్ 0.9, అంటే కంటి నరం బాగా దెబ్బతింది. కన్ను ఎప్పుడూ కొంచెం ఎర్రగానే ఉంటుంది.

2 మి.గ్రా. వయల్ దొరుకుతోంది. ఒక పుస్తకంలో మి.లీ.కి 0.2 మి.గ్రా., ఇంకో పుస్తకంలో 0.4 అని ఉంది, నిమిషాలు ఒకటి నుంచి ఐదు దాకా ఉన్నాయి. ఏ లెక్కన తేల్చుకోవాలి? స్పాంజ్ బదులు టెనాన్ (కంటి పైపొర కంజంక్టైవా కింద ఉండే పొర) కింద ఇంజెక్షన్ ఇస్తే సరిపోతుందా? 5-ఎఫ్‌యూ (మచ్చను ఆపే ఇంకో మందు) చాలదా? ఇంకో మాట, ఈయన నెలకు ఒకసారి రావడమే కష్టం. అది కూడా లెక్కలో పెట్టుకుని చెప్పండి.

స్వర్ణముఖి_గ్లకోమా (తిరుపతి):

డాక్టర్ గారూ, ఇది తప్పకుండా మచ్చకట్టే కన్ను. పైవైపు పాత కోత, ఏళ్లపాటు పడిన బెంజాల్కోనియం (ప్రిజర్వేటివ్) ఉన్న చుక్కలు, ఎర్రబారిన కంజంక్టైవా, మూడూ ఒకే కన్నులో ఉన్నాయి. మందు లేకుండా చేస్తే టెనాన్‌లోని ఫైబ్రోబ్లాస్టులు (మచ్చకట్టే కణాలు) వారాల్లోనే దారి పూడ్చేస్తాయి. కాబట్టి మైటోమైసిన్ వాడాల్సిందే.

కానీ గాఢత తేల్చుకునే ముందు చోటు చూసుకోండి. స్లిట్ ల్యాంప్ దగ్గర మత్తు చుక్క వేసి, తడిపిన బడ్‌తో పైనున్న కంజంక్టైవాను అటూఇటూ కదిపి చూడండి. ఎస్‌ఐసీఎస్ కోత ఉన్న మేర అది స్క్లీరాకు, అంటే తెల్లగుడ్డుకు, అంటుకుపోయి కదలదు. ముక్కువైపు పైభాగంలోనో చెవివైపు పైభాగంలోనో కదిలే చోటు దొరికితే ఫ్లాప్ అక్కడ పెట్టండి, కానీ పై రెప్ప కిందే ఉండాలి. కింది రెప్ప వైపు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మైటోమైసిన్ వాడిన బ్లెబ్ (బయటికొచ్చిన నీరు కంజంక్టైవా కింద చేరి లేచే ఉబ్బు) రెప్ప నీడ లేకుండా కిందివైపు ఉంటే ఇన్ఫెక్షన్ ముప్పు చాలా ఎక్కువ. పైన ఎక్కడా కదలకపోతే మైటోమైసిన్ గాఢత పెంచి గెలుద్దామనుకోకండి. అది ట్యూబ్ (నీరు బయటికి పోయే చిన్న గొట్టం) పెట్టాల్సిన కేసు. మదురై ఆరోల్యాబ్ వాళ్ల ఆడీ ఇంప్లాంట్ 2013 నుంచి మనకు అందుబాటు ధరలో ఉంది.

రెండోది, ఆపరేషన్‌కు ముందు ఆ ఎరుపు తగ్గించాలి. చాలామంది వదిలేసేది ఇదే. ఎర్రటి కన్నులో కోత పెడితే మచ్చకట్టే కణాలు అప్పటికే మేలుకుని ఉంటాయి. వీలైతే నెల ముందు నుంచి బ్రిమోనిడిన్ ఆపి, మిగతావి ప్రిజర్వేటివ్ లేనివాటికి మార్చి, ఫ్లోరోమెథొలోన్ 0.1% రోజుకు నాలుగుసార్లు వేయించండి. కప్ 0.9 ఉన్న కన్ను, ప్రెషర్ 28. నెల ఆగలేమనుకుంటే కనీసం రెండు వారాలు. మధ్యలో ప్రెషర్ చూస్తూ ఉండండి, పెరిగితే కిడ్నీల సంగతి, సల్ఫా అలర్జీ కనుక్కుని అసిటజోలమైడ్ మాత్రలతో నెట్టుకురావచ్చు.

ఇక అంకెలు. నీటికాసుల ఆపరేషన్‌లో మైటోమైసిన్ వాడకాన్ని 1983లో చెన్ మొదట రాశారు. ఆ తర్వాత చాలా ఏళ్లు మోతాదులు భారీగా ఉండేవి. ట్యూబుకూ ట్రాబ్‌కూ పోటీ పెట్టిన టీవీటీ స్టడీలో మి.లీ.కి 0.4 మి.గ్రా. గాఢతను 4 నిమిషాలు ఉంచారు. అదే బృందం తర్వాత చేసిన పీటీవీటీలో, అంటే అంతకుముందు కోత పడని కళ్లలో, 0.4 నే 2 నిమిషాలకు దించారు. పుస్తకాల్లో మీకు కనిపించే తేడాలు చాలామటుకు ఈ కాలాల తేడాలే.

నేను పాటించే లెక్క: కోత పడని కన్ను, వయసు మళ్లినవాళ్లు, చుక్కలు తక్కువగా వాడినవాళ్లు అయితే మి.లీ.కి 0.2, 2 నిమిషాలు. మీ కేసులాంటి కన్నుకు 0.4, 2 నుంచి 3 నిమిషాలు. హై మయోపియా ఉన్న కుర్రాళ్లకు వయసును బట్టి గాఢత పెంచాలనిపిస్తుంది, కానీ హైపోటనీ మాక్యులోపతీ (ప్రెషర్ మరీ పడిపోయి రెటీనా ముడతలుపడి చూపు తగ్గడం) ఎక్కువగా వచ్చేదీ వాళ్లకే. వాళ్ల దగ్గర 0.2 దాటను, కుట్లు మాత్రం ఇంకాస్త బిగిస్తాను.

గాఢత కన్నా విస్తీర్ణం ముఖ్యం. ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పదలచుకున్నాను. చిన్న ముక్క ఒకటి ఫ్లాప్ మీద పెట్టి 0.4 తో మూడు నిమిషాలు ఉంచితే, అక్కడ మాత్రమే కణాలు చచ్చిపోతాయి. దాని చుట్టూ మందు తగలని కణాలు గుంటకు గట్టు వేసినట్టు వలయంగా మచ్చకడతాయి. నీరు వెనక్కి పోలేక ఆ చిన్నచోటే ఉబ్బి, రక్తనాళాలు లేని తెల్లటి పలుచని బ్లెబ్ తయారవుతుంది. ఏళ్ల తర్వాత కారేది, చీము పట్టేది అలాంటిదే. మందును వెడల్పుగా, వెనక్కి, రెక్టస్ కండరాల మధ్య అందినంత మేర పరిస్తే బ్లెబ్ కూడా వెడల్పుగా, అణిగి వస్తుంది. లండన్ మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రిలో పెంగ్ ఖా ఏళ్లుగా చెబుతూ వచ్చింది ఇదే: ఫోర్నిక్స్ బేస్ కోత (లింబస్, అంటే కార్నియా అంచు దగ్గర పెట్టే కోత), మందు వెడల్పుగా, నీటి దారి వెనక్కి.

వరుస ఇది. కంజంక్టైవా లింబస్ దగ్గర విప్పి, టెనాన్ కింద మొద్దు కత్తెరతో వెనక్కి జేబు చేయాలి. రక్తం పూర్తిగా ఆపండి, కానీ స్క్లీరా మాడేలా కాటరీ పెట్టకండి. సన్నగా కోసిన స్పాంజ్ ముక్కలు, సుమారు 5 × 3 మి.మీ., మందులో తడిపి, బొట్టు కారకుండా కాస్త పిండి జేబులోకి తోయండి. కంజంక్టైవా అంచును ఫోర్సెప్స్‌తో పైకెత్తి పట్టుకోవాలి. ఆ అంచుకు మందు తగిలితే కుట్టు దగ్గర మానదు, వారం తిరక్కుండా కారడం మొదలవుతుంది. చివరి ముక్క లోపలికి వెళ్లాకే గడియారం మొదలు. సమయం కాగానే ముక్కలన్నీ లెక్కపెట్టి తీసి, కనీసం 20 మి.లీ. బీఎస్‌ఎస్ (కంటిని కడిగే ఉప్పు ద్రావణం) తో ధారగా కడగాలి. మందు తాకిన ఫోర్సెప్స్, కత్తెర అక్కడితో పక్కన పెట్టేయండి. అవే లోపలికి వెళితే కార్నియా లోపలి పొర ఎండోథీలియం దెబ్బతింటుంది.

ఇదంతా యాంటీరియర్ చాంబర్ (కార్నియా వెనక నీటి గది) తెరవకముందే అయిపోవాలి. ఫ్లాప్ కోసేటప్పుడు లోపలికి చిల్లుపడినా, ఫ్లాప్ మరీ పలచనై చిరిగినా ఆ రోజుకు మైటోమైసిన్ మాట మరిచిపోండి. అందుకే నేను మందు ముందు, ఫ్లాప్ తర్వాత చేస్తాను.

కుట్లు: మందు లేని ట్రాబ్ కన్నా బిగుతుగా వేయాలి. 10-0 నైలాన్, వాటిలో రెండు రిలీజబుల్ (తర్వాత తీసేయగలిగేవి). పారాసెంటెసిస్ (కార్నియా పక్కన పెట్టిన చిన్న చిల్లు) నుంచి బీఎస్‌ఎస్ నింపి చూస్తే ఫ్లాప్ అంచున నీరు ఊరాలి, పారకూడదు. కంజంక్టైవా మూశాక ఫ్లోరెసిన్ (రంగు మందు) స్ట్రిప్ రాసి కారుతోందేమో బల్ల మీదే చూసుకోండి.

5-ఎఫ్‌యూ సంగతి: కణం విభజనకు సిద్ధమయ్యే దశలోనే అది పనిచేస్తుంది, మైటోమైసిన్ ఏ దశలో ఉన్న కణాన్నయినా పట్టుకుంటుంది. ఆపరేషన్‌లో మి.లీ.కి 50 మి.గ్రా. తో 5 నిమిషాలు పెట్టవచ్చు గానీ మీ కేసుకు అది చాలదు. తర్వాత ఇంజెక్షన్లు పదేపదే కావాలి, కుప్పం నుంచి వచ్చే మనిషికి కుదరదు.

ఓటీ_సిస్టర్_చిత్తూరు:

సార్, డాక్టర్లు గాఢత రాస్తారు, కలిపేది మేము. పొరపాటుకు ఎక్కువ ఆస్కారం ఉన్నదీ అక్కడే. అందుకే రాస్తున్నాను.

2 మి.గ్రా. వయల్‌లో 5 మి.లీ. స్టెరైల్ వాటర్ పోస్తే మి.లీ.కి 0.4. నీలం ఊదా కలిసిన రంగు వస్తుంది. పొడి అడుగున ఉండిపోతే కాసేపు అలాగే ఉంచి మళ్లీ కదపాలి, రేణువులు కనిపిస్తుండగా తీయకూడదు. 0.2 కావాలంటే దీంట్లోంచి 1 మి.లీ. వేరే సిరంజిలోకి తీసుకుని ఇంకో 1 మి.లీ. స్టెరైల్ వాటర్ కలపాలి. 10 మి.లీ. మొత్తం వయల్‌లోకే పోద్దామంటే చిన్న వయల్స్‌లో పట్టదు.

10 మి.గ్రా. వయల్ వస్తే లెక్క మారిపోతుంది. 5 మి.లీ. పోస్తే మి.లీ.కి 2 మి.గ్రా. అవుతుంది, అంటే మనకు కావాల్సినదానికి ఐదింతలు. అందులో 1 మి.లీ. తీసి 4 మి.లీ. నీళ్లు కలిపితే 0.4, 9 మి.లీ. కలిపితే 0.2. స్టోర్ నుంచి 2 బదులు 10 వచ్చిన రోజు అలవాటు కొద్దీ 5 పోసి ఇచ్చేస్తే కన్ను పోతుంది. వయల్ మీది అంకెను ఇద్దరు గట్టిగా చదివాకే మూత తీయాలి.

ఇంకోటి, శాతం. కొందరు సార్లు 0.02% అని రాస్తారు. అది మి.లీ.కి 0.2 మి.గ్రా. 0.04% అంటే 0.4. ఒకే థియేటర్‌లో రెండు పద్ధతులూ ఉంటే ఏదో ఒక రోజు తప్పు జరిగి తీరుతుంది. మి.గ్రా. లోనే రాయమని గోడ మీద పెట్టించండి.

సిరంజి మీద లేబుల్ లేకుండా ట్రాలీ మీద పెట్టకూడదు. పలచన చేశాక రంగు బాగా తగ్గుతుంది, పక్కనే బీఎస్‌ఎస్ సిరంజి ఉంటుంది. మైటోమైసిన్‌ను విడిగా చిన్న గిన్నెలో, ప్రధాన ట్రాలీకి దూరంగా పెట్టడమే మేలు.

స్పాంజ్ గురించి: నారలు ఊడే రకం వద్దు, పీవీఏ రకం తడిసినా చిట్లదు. ఎన్ని ముక్కలు లోపలికి వెళ్లాయో బోర్డు మీద రాయాలి, తీసేటప్పుడు అన్నీ బయటికి రావాలి. తడిసిన ముక్క టెనాన్ రంగులో కలిసిపోయి వెనక ఉండిపోతే కంటికి కనపడదు. నిమిషం నిమిషానికి సర్క్యులేటింగ్ సిస్టర్ పైకి చెప్పాలి.

కలిపేవాళ్లు రెండు జతల గ్లౌజులు, కళ్లద్దాలు వేసుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ పనికి వద్దు. మిగిలిన మందు, స్పాంజ్ ముక్కలు, తుడిచిన గాజు, గ్లౌజులు సైటోటాక్సిక్ గుర్తు ఉన్న పసుపు సంచిలోకే వెళ్లాలి, 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనలు అదే చెబుతాయి. సింకులో పోయకూడదు. సూదులు, వయల్ కూడా మామూలు డబ్బాలో కాకుండా సైటోటాక్సిక్ డబ్బాలోకే.

మిగిలిన మందును ఫ్రిజ్‌లో దాచి వచ్చే వారం కేసుకు వాడొద్దు సార్. కంటి కోసమే తయారైన కిట్ 2012లో అమెరికాలో అనుమతి పొందింది, దాని మీదే కలిపిన గంటలోపు వాడాలని ఉంది. మనది క్యాన్సర్ వయల్, అందులో నిల్వ ఉంచే మందులేవీ కలపరు. ట్రాబ్ కేసులన్నీ ఒకే రోజు పెట్టుకుంటే వయల్ వృథా కాదు.

చంద్రగిరి_ఆప్తాల్:

స్వర్ణముఖి సార్ స్పాంజ్ పద్ధతి ఒక్కటే చెప్పారు, నేను ఇంజెక్షన్ గురించి చెబుతాను. దాన్ని తేలిగ్గా కొట్టేయాల్సిన పని లేదు. స్పాంజ్ ఎంత మందు పీల్చింది, ఎంత వదిలింది అన్నది ముక్క సైజును బట్టి, పిండిన తీరును బట్టి మారిపోతుంది. ఇంజెక్షన్‌లో ఎన్ని మైక్రోగ్రాములు ఇచ్చామో కచ్చితంగా తెలుస్తుంది. మి.లీ.కి 0.2 గాఢతలో 0.1 మి.లీ. ఇస్తే 20 మైక్రోగ్రాములు. మామూలు కేసుకు 10 నుంచి 20 చాలు. ముక్క లోపల మరిచిపోతామన్న భయం లేదు, మూడు నిమిషాలు కలిసొస్తాయి.

పద్ధతి: కోత పెట్టకముందే, 30 గేజ్ సూదితో, లింబస్‌కు 8 నుంచి 10 మి.మీ. వెనక, పైభాగంలో టెనాన్ కిందికి ఇచ్చి, లేచిన బుడగను బడ్‌తో అటూఇటూ పరచాలి. లింబస్ వైపు నెట్టకూడదు, అక్కడి మూలకణాలకు దెబ్బ. తర్వాత కంజంక్టైవా విప్పాక బాగా కడగాలి.

సిరంజి దగ్గర జాగ్రత్త. సన్న సూది ఉంటుందని ఇన్సులిన్ సిరంజి అందుకుంటారు. మన మందుల షాపుల్లో యూ-40, యూ-100 రెండూ దొరుకుతాయి. 0.1 మి.లీ. అంటే యూ-40 లో 4 యూనిట్లు, యూ-100 లో 10 యూనిట్లు. "పది యూనిట్లు" అని నోటితో చెప్పి, చేతికి యూ-40 వస్తే రెండున్నర రెట్లు పోయినట్టే. మి.లీ. గీతలున్న 1 మి.లీ. ట్యూబర్‌క్యులిన్ సిరంజి వాడండి, ఈ గొడవే ఉండదు.

అయితే పలమనేరు డాక్టర్ గారూ, మీ ఈ కేసుకు మాత్రం ఇంజెక్షన్ వద్దు. ఎస్‌ఐసీఎస్ మచ్చ ఉన్న చోట టెనాన్ అంటుకుపోయి ఉంటుంది. ద్రవం మనం అనుకున్న వైపు పోదు, ఎక్కడ మెత్తగా ఉంటే అటు పోతుంది. కళ్లతో చూస్తూ స్పాంజ్ పెట్టుకోవడమే నయం.

పలమనేరు_కంటివైద్యం:

చాలా స్పష్టంగా చెప్పారు సార్, సిస్టర్, అందరికీ కృతజ్ఞతలు. బడ్‌తో చూశాను. 12 గంటల దగ్గర అస్సలు కదలడం లేదు, ముక్కువైపు పైభాగం బాగా కదులుతోంది. అక్కడే పెడతాను. ఆపరేషన్ తర్వాత ఎన్నిసార్లు రప్పించాలి? తక్కువలో తక్కువ చెప్పండి. ఇంకోటి, ఆయనకు కొండ మొక్కు ఉంది. "చూపు నిలబడితే తలనీలాలిస్తానని మొక్కుకుండాను సామీ, ఎప్పుడు పోవచ్చు" అని అడుగుతున్నాడు.

స్వర్ణముఖి_గ్లకోమా (తిరుపతి):

తక్కువలో తక్కువ అంటే: మరుసటి రోజు, వారానికి, ఆ తర్వాత నెల పూర్తయ్యేదాకా వారం వారం, ఆపైన ఆరో వారం, మూడో నెల. ఇందులో మూడు నుంచి ఆరు వారాల మధ్య రాకపోకలు తప్పించకండి, దారి పూడిపోవడం కనిపించేది అప్పుడే. బస్సు ఖర్చు కారణంగా మానేసేలా ఉంటే ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే ఇంట్లోవాళ్లతో తేల్చుకోండి. మైటోమైసిన్ ఒక్కసారి పెట్టేశాం, పనైపోయిందనుకునే కన్నే తొందరగా మూసుకుపోతుంది.

ప్రెడ్నిసొలోన్ అసిటేట్ 1% మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకోసారి మొదలుపెట్టి, 8 నుంచి 12 వారాల్లో మెల్లగా తగ్గించాలి. మన దగ్గర శుక్లాల ఆపరేషన్ లెక్కన ఆరు వారాలకే సీసా ఆపేస్తారు, కాబట్టి వారాలవారీగా తెలుగులో రాసివ్వండి. నీటికాసుల చుక్కలు ఆపరేషన్ అయిన కన్నుకు ఆపాలి, రెండో కన్నుకు వేస్తూనే ఉండాలి. "చుక్కలు ఆపమన్నారు" అని రెండింటికీ ఆపేసేవాళ్లు చాలామంది. అసిటజోలమైడ్ మింగుతుంటే, రెండో కన్నుకు తప్పనిసరి అయితే తప్ప, అది కూడా ఆపించండి, ఎందుకంటే నీరు తయారవకపోతే బ్లెబ్ లేవదు.

రిలీజబుల్ కుట్టు తీయడానికి తొందర వద్దు. మైటోమైసిన్ పెట్టిన కన్నులో రెండు వారాలలోపు తీస్తే ప్రెషర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. మందు మాననివ్వదు కాబట్టి నెల దాటాక తీసినా పనిచేస్తుంది. ఒక్కో రాకకు ఒక్క కుట్టే. బ్లెబ్ మీద మెలికలు తిరిగిన నాళాలు కనిపించి ఎరుపెక్కుతుంటే ప్రెషర్ పెరిగేదాకా కూర్చోకుండా స్టెరాయిడ్ పెంచి, 5-ఎఫ్‌యూ 5 మి.గ్రా., అంటే మి.లీ.కి 50 మి.గ్రా. గాఢతలో 0.1 మి.లీ., బ్లెబ్ పక్కన ఇవ్వండి, బ్లెబ్ లోపలికి కాదు. బాగా క్షారగుణం ఉన్న మందు, లోపలికి పోతే చేటు. ఇచ్చాక కంటిని కడగండి. అంతకుముందు ఫ్లోరెసిన్‌తో చూడాలి, కారుతుంటే ఇవ్వకూడదు, కార్నియా పైపొర ఊడి ఉన్నా ఇవ్వకూడదు.

మొక్కు సంగతి. మొదటి నెల అలిపిరి మెట్లు, మోకాళ్ల పర్వతం, బరువులెత్తడం, ముక్కి పనిచేయడం వద్దు. ప్రెషర్ తక్కువగా ఉన్న కన్నులో ముక్కితే కోరాయిడ్‌లో (కంటి వెనకవైపు రక్తనాళాల పొరలో) రక్తస్రావం కావచ్చు. తలనీలాలు మూడో నెల చూపించుకున్నాక, బ్లెబ్ కారడం లేదని నిర్ధారణ అయ్యాక ఇవ్వవచ్చు. కళ్యాణకట్ట దగ్గర తల తడిపేటప్పుడు నీళ్లు ముఖం మీదికి జారకుండా తల వెనక్కి వాల్చమనండి, కన్ను గట్టిగా మూసి పైన శుభ్రమైన గుడ్డ పట్టుకోమనండి. గుండు మీద పూసే చందనం చెమటతో కలిసి కంట్లోకి దిగుతుంది, దాన్ని చేత్తో రుద్దడమే అసలు ప్రమాదం. నుదుటి వైపు పూయవద్దని చెప్పండి. పుష్కరిణిలో మునక మాత్రం ఈ కన్నుకు ఎన్నటికీ వద్దు, నీళ్లు తల మీద చల్లుకుంటే చాలు. తడిబట్టలతో నేల మీద దొర్లే అంగప్రదక్షిణ కూడా అంతే.

ఓటీ_సిస్టర్_చిత్తూరు:

సార్, డిశ్చార్జ్ కాగితం మీద ఆపరేషన్ పేరుతో పాటు "మైటోమైసిన్ 0.4, ఇన్ని నిమిషాలు, ఈ చోట" అని రాయండి. ఆయన రేపు వేలూరు పోయినా, తిరుపతి పోయినా చూసేవాళ్లకు అది తెలియాలి. అదే కాగితం మీద తెలుగులో ఇంకో నాలుగు మాటలు: ఎరుపు, పుసి, నొప్పి, చూపు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు రావాలి, మందుల షాపులో చుక్కలు కొనుక్కుని ఆగకూడదు. పదేళ్ల తర్వాతైనా ఇదే వర్తిస్తుందని ఆయనకూ, వెంట వచ్చిన కొడుక్కూ ఇద్దరికీ చెప్పండి.